పాస్‌పోర్ట్ కష్టం ఆసుపత్రి కాగితం దగ్గరే మొదలవుతోంది

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను కడపలో రిటైరైన స్కూల్ టీచర్‌ని. మా అబ్బాయి కువైట్‌లో ఒక కంపెనీ స్టోర్ చూసుకుంటాడు. 2024 ఫిబ్రవరిలో పుట్టిన కూతురిని ఇప్పటివరకు ఒక్క సెలవులోనే ఎత్తుకున్నాడు. కోడలినీ పాపనూ విజిట్ వీసా మీద పిలిపించుకుందామనుకున్నాడు. కోడలికి పెళ్లికి ముందు తీసిన పాస్‌పోర్ట్ ఉంది. పాపకు తీస్తే సరిపోతుంది, పసిబిడ్డకు పెద్దగా ఏం అడుగుతారులే అనుకున్నాం. దానికి నాలుగు నెలలు పట్టింది. అందులో పాస్‌పోర్ట్ కేంద్రంలో మేము గడిపింది గంటన్నర. మిగిలిన కాలమంతా అక్కడికి పట్టుకెళ్లాల్సిన కాగితాల్లో పేర్లు దిద్దించుకోవడానికే పోయింది.

ముందు మంచి మాట చెప్పాలి. ఒకప్పుడు ఈ పనికి మనవాళ్లు తిరుపతి పోయి రావాల్సి వచ్చేది. 2017 నుంచి పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు పెట్టడం మొదలైంది, మన హెడ్ పోస్టాఫీసుకూ ఒకటి వచ్చింది. చిన్నపిల్లల కొత్త పాస్‌పోర్ట్‌కు ఫీజు 1000 రూపాయలు, ఎనిమిదేళ్లలోపు బిడ్డకు పది శాతం తగ్గించి 900 తీసుకుంటారు. తల్లిదండ్రులు ఇవ్వాల్సిన డిక్లరేషన్‌ను, అంటే అనెక్సర్ డి ని, తెల్లకాగితం మీద రాసి సంతకాలు పెడితే చాలు. 2016 డిసెంబరులో నిబంధనలు మార్చాక దానికి నోటరీ అక్కర్లేదు, పెళ్లి సర్టిఫికెట్ కూడా అడగరు. నాలుగేళ్లు నిండని పిల్లలకు మాత్రం తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటో మనమే తీసుకెళ్లాలి. మా పాప అక్కడ గుక్కపట్టి ఏడ్చింది. అక్కడి స్టాఫ్ విసుక్కోకుండా పని ముగించి పంపారు.

మా కష్టం అంతకు చాలా ముందే, పాప పుట్టిన ప్రైవేటు ఆసుపత్రిలోనే మొదలైంది. కాన్పు అయిన మర్నాడు ఒక ఫారం తెచ్చి సంతకం పెట్టమన్నారు. పెట్టాం. అందులో ఏం రాశారో మేం చదవలేదు, చదివి చూసుకోమని వాళ్లూ అనలేదు. కేస్‌షీట్‌లో ఉన్నట్టే తల్లి పేరు ముందు మా ఇంటిపేరు రాసేశారు. కోడలి టెన్త్ సర్టిఫికెట్‌లోనూ పాస్‌పోర్ట్‌లోనూ ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. బిడ్డ పేరు చోట ఖాళీ. అప్పటికి పేరు పెట్టలేదు కదా. మూడో నెలలో పేరు పెట్టుకున్నాం, బంధువులందరికీ భోజనాలు పెట్టాం, ఆ పేరును రిజిస్టర్‌లో ఎక్కించాలన్న సంగతే ఎవరికీ తోచలేదు.

పేరు లేకుండా నమోదైన జననానికి ఏడాదిలోపు పేరు ఇస్తే ఫీజు లేకుండా ఎక్కిస్తారు. ఆ తర్వాత లేట్ ఫీజు కట్టి పదిహేనేళ్లలోపు ఎక్కించుకోవచ్చు. అది కొంత నయం. తల్లి పేరు మార్పించడమే మాకు ప్రాణం మీదకు వచ్చింది. టెన్త్ సర్టిఫికెట్ తెమ్మన్నారు, ఆధార్ తెమ్మన్నారు. ఆధార్‌లో పెళ్లయ్యాక మా ఇంటిపేరు పెట్టించాం, అది చూసి అసలు ఏ పేరు నిజమని అడిగారు. అడిగిన వాళ్లది తప్పనను. ఆడపిల్ల పెళ్లి కాగానే కాగితాల్లో పేరు మార్చాలని ఏ చట్టమూ చెప్పదు. మనమే తొందరపడి ఒకచోట మారుస్తాం, ఇంకోచోట పాతదే వదిలేస్తాం. ఆ రెండింటి మధ్య నలిగేది ఆ పిల్లా, ఆమె బిడ్డలూ.

మునుపైతే బర్త్ సర్టిఫికెట్ సరిగ్గా లేకపోయినా ఇంకో కాగితంతో పుట్టినరోజు చూపించుకునే వీలుండేది. ఇప్పుడు 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు ఆ వీలు లేదు. పాస్‌పోర్ట్‌కు పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే తీసుకుంటామని 2025 ఫిబ్రవరిలో నిబంధన మార్చారు. ఈ నియమాన్ని నేను తప్పుపట్టను. ఒక్క కాగితమే ఆధారం అన్నప్పుడు ఆ కాగితం మొదటి రోజే తప్పు లేకుండా పుట్టాలి. ఆ జాగ్రత్త ఎవరు తీసుకుంటున్నారన్నదే నా బాధ.

పేర్లు ఇంగ్లీషులోకి పోయేసరికి చిక్కు ఇంకా పెరుగుతుంది. బాషా అన్న పేరును ఒక కాగితంలో ‘ఎస్’ తో, ఇంకో కాగితంలో ‘ఎస్ హెచ్’ తో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ఒక్క పొడి అక్షరం, మరోచోట పూర్తి పేరు. పాస్‌పోర్ట్ ఫారంలో సర్‌నేమ్‌కు ఒక గడి, పేరుకు ఇంకో గడి ఉంటాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం కాబట్టి ఏది ఏ గడిలో పెట్టాలో చదువుకున్నవాళ్లే తడబడుతున్నారు. మన ఊరి పేరే చూడండి. బ్రిటిష్ కాలం నుంచి ఇంగ్లీషులో ‘సి’ తో మొదలయ్యే కడప 2005లో ‘కె’ తో మొదలైంది. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు, 2025లో వైఎస్సార్ కడప అన్నారు. తాత కాగితంలో ఒకటి, తండ్రి కాగితంలో ఒకటి, బిడ్డ కాగితంలో ఇంకొకటి. ఏదీ తప్పు కాదు. కానీ ఫారం ముందు కూర్చున్న పల్లెటూరి తల్లికి ఇవన్నీ తప్పుల్లాగే కనిపించి టెన్షన్ పట్టుకుంటుంది.

ఈ టెన్షన్ మీదే కొందరు నాలుగు డబ్బులు చేసుకుంటున్నారు. మేము మొదట ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాం. ఫీజు కాకుండా తనకు రెండు వేలు ఇవ్వమన్నాడు. సరే, ఇచ్చాం. అనెక్సర్ డి మీద తండ్రి సంతకం కావాలి, మా వాడేమో కువైట్‌లో ఉన్నాడు. ‘ఏం కాదులేమ్మా, ఆయన సంతకం కూడా నువ్వే పెట్టెయ్యి, అందరూ అట్లనే చేస్తారు’ అని కోడలి చేతికి పెన్ను ఇచ్చాడు. ఆ పిల్ల నా ముఖం చూసింది. నేను అక్కడ లేకపోయి ఉంటే పెట్టి ఉండేదే. తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చి పాస్‌పోర్ట్ తీసుకుంటే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. పెన్ను ఇచ్చినవాడు తన రెండు వేలు జేబులో వేసుకుంటాడు, కేసు సంతకం పెట్టిన తల్లి మీద పడుతుంది.

సరైన దారి కష్టమైనదేమీ కాదు. విదేశంలో ఉన్న తండ్రి అక్కడి భారత రాయబార కార్యాలయం అటెస్టేషన్‌తో అఫిడవిట్ పంపాలి, ఇక్కడ ఉన్న తల్లి అనెక్సర్ డి ఇవ్వాలి. మా వాడు ఒక రోజు సెలవు పెట్టి ఆ పని చేసి కొరియర్‌లో పంపాడు. కడప, రాజంపేట, రాయచోటి వైపు గల్ఫ్‌కు పోని ఇల్లు ఎన్ని వీధుల్లో దొరుకుతుంది? ఈ ఒక్క సంగతి మన ప్రాంతంలో ప్రతి తల్లికీ తెలిసి ఉండాల్సింది. తెలుగులో చెప్పేవాళ్లు లేక తెలియడం లేదు.

ఆ రోజు అదే నెట్ సెంటర్‌లో బద్వేలు వైపు నుంచి వచ్చిన ఒకామె ఏడుస్తూ కూర్చుంది. భర్త వదిలేసి పోయి మూడేళ్లయిందట, ఎక్కడున్నాడో తెలియదట. అతని సంతకం లేకుండా బిడ్డకు పాస్‌పోర్ట్ రానే రాదని ఆమెను తిప్పి పంపేస్తున్నారు. అది అబద్ధం. ఒక్కరి సమ్మతితోనే దరఖాస్తు చేసేవాళ్లకు అనెక్సర్ సి ఉంది, ఎందుకు రెండో సంతకం తేలేకపోతున్నారో అందులో రాసి ఇవ్వవచ్చు. ఫారంలో తల్లి పేరు ఒక్కటే రాసినా తీసుకుంటారు. ఆ మాట చెబితే ఆమె రెండుసార్లు అడిగి నిర్ధారించుకుంది. భర్త చేసిన అన్యాయానికి తోడు ఇంత చిన్న సమాచారం లేక ఆమె బస్సు చార్జీలు పెట్టుకుని ఎన్నిసార్లు తిరిగిందో!

అందుకే మీ పత్రిక ద్వారా జిల్లా వైద్య ఆరోగ్య అధికారులను, మున్సిపల్ అధికారులను కోరుతున్నాను. కాన్పు అయిన ప్రతిచోటా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, జనన నమోదు ఫారాన్ని పంపే ముందు తల్లికి గట్టిగా చదివి వినిపించాలి. ఆమె టెన్త్ సర్టిఫికెట్‌లోనో పాస్‌పోర్ట్‌లోనో ఉన్న పేరే రాయాలి. బిడ్డకు టీకా వేయించడానికి తల్లులు ఎటూ వస్తారు, ‘పేరు ఎక్కించారా అమ్మా’ అని ఏఎన్ఎమ్ ఒక మాట అడిగితే ఏడాది గడువు దాటదు. గ్రామ, వార్డు సచివాలయాల గోడ మీద పిల్లల పాస్‌పోర్ట్‌కు ఏ కాగితాలు కావాలో, తండ్రి విదేశంలో ఉంటే ఏం చేయాలో, తల్లి ఒంటరిదైతే ఏం చేయాలో తెలుగులో ఒక షీట్ అంటించాలి. అసలు వెబ్‌సైట్ పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్ అని, డౌట్ ఉంటే 1800 258 1800కు ఫ్రీగా ఫోన్ చేయవచ్చని దాని కిందే రాయాలి. అచ్చం అలాగే కనిపించే దొంగ వెబ్‌సైట్లు ఉన్నాయని, వాటికి డబ్బు కట్టవద్దని విదేశాంగ శాఖే హెచ్చరించింది.

మా పాప పాస్‌పోర్ట్ పోయిన వారం స్పీడ్ పోస్ట్‌లో వచ్చింది. పిల్లలది ఐదేళ్లకే ముగుస్తుంది కాబట్టి మళ్లీ తీసుకోవాలి. ఈసారి పేర్లన్నీ ఒక్కటిగా ఉన్నాయి, దానికి భయం లేదు. మా వీధిలోనే ఈ నెలలో ఇద్దరికి కాన్పులున్నాయి. ఇద్దరి ఇళ్లకూ వెళ్లి, టెన్త్ సర్టిఫికెట్ జిరాక్స్ ఆసుపత్రి సంచిలో పెట్టుకోండమ్మా అని చెప్పి వచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కడప