డయాలసిస్ మంచం పక్కన కనిపెట్టుకుని ఉన్నవాళ్ల మాట

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్ మా ఇంటికి రాదు, ఆసుపత్రి బయట టీ కొట్టు దగ్గర చదువుతాను. పోయిన వారం ఓపిక గురించి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం వేశారు. భక్తి ఎక్కువైనవాళ్లు కష్టం రాగానే అంతా దేవుడే చూసుకుంటాడని చేతులు కట్టుకుని కూర్చుంటారు, దానికే ఓర్పు అని పేరు పెట్టుకుంటారు అని ఆయన బాధపడ్డారు. అలాంటివాళ్లు ఉన్నారు, నేనూ చూశాను, వాళ్ల గురించి కింద రాస్తాను కూడా. కానీ నాలుగేళ్లుగా ప్రభువు మీద ఆనుకునే బతుకు ఈడుస్తున్న మనిషిని కాబట్టి, అది చదివాక నాకు తెలిసింది కూడా చెప్పాలనిపించింది.

మేముండేది బోడుప్పల్‌లో. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మా ఆయన మాదాపూర్‌లో ఒక ఆఫీసు బిల్డింగ్‌కి పదకొండేళ్లు నైట్ సెక్యూరిటీ చేశారు. షుగరు, బీపీ రెండూ ఉండేవి, రెండింటినీ పట్టించుకోలేదు, డ్యూటీ మానితే జీతం కోస్తారని టెస్టులు వాయిదా వేస్తూ పోయారు. ముఖం, కాళ్లు వాచిపోయి వెళ్తే కిడ్నీలు రెండూ పోయాయన్నారు. అప్పట్నుంచి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేసి ఎక్కువైన నీళ్లు తీసెయ్యడం, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీలో కాబట్టి దానికి మేము డబ్బు కట్టేది లేదు, అది లేకపోతే మేము ఏనాడో రోడ్డున పడేవాళ్లం. మాది పొద్దున ఆరింటి షిఫ్టు. బస్సులో నాకు జీరో టికెట్, ఆయనకు మామూలు టికెట్.

ఈ జబ్బు గురించి తెలియనివాళ్లకు ఒక్క విషయం చెప్పాలి. అందరూ సూదుల గురించి అడుగుతారు కానీ అసలు కష్టం దాహం. కిడ్నీలు పనిచేయనప్పుడు తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లోనే నిలబడిపోతాయి. మా ఆయనకు డాక్టర్ గారు రోజుకు ముప్పావు లీటరు దాటొద్దన్నారు. పొద్దున్నే ఒక బాటిల్‌లో ముప్పావు లీటరు కొలిచి పోసి పెడతాను. ఆయన అరకప్పు టీ తాగితే అన్ని నీళ్లు ఆ బాటిల్‌లోంచి తీసేస్తాను. మజ్జిగైనా, చారైనా, మాత్ర మింగే గుక్కైనా అందులోదే. సాయంత్రానికి బాటిల్ అడుగున రెండు వేళ్ల నీళ్లు మిగులుతాయి, వాటిని చూసుకుంటూ రాత్రి గడపాలి. నోరు ఎండిపోతే ఒక చిన్న ఐసు ముక్క నాలుక మీద పెడతాను, అదీ లెక్కే.

రెండేళ్ల కింద మే నెలలో జరిగింది చెబుతాను. శనివారం డయాలసిస్ అయ్యాక మళ్లీ మంగళవారం దాకా లేదు కాబట్టి ఆ మధ్య రోజులు మాకు గండం లాంటివి. ఆదివారం రాత్రి కరెంటు పోయింది, రేకుల ఇల్లు, ఒళ్లంతా ఉడికిపోతోంది. నేను నిద్రపోయాక ఆయన లేచి కుండలో నీళ్లు తాగారు, సోమవారం రాత్రి మళ్లీ తాగారు. మంగళవారం పొద్దునకు పడుకోలేకపోయారు, కూర్చుని రొప్పుతున్నారు. బరువు చూస్తే ఉండాల్సిన దానికంటే నాలుగున్నర కిలోలు ఎక్కువ ఉంది. అన్ని నీళ్లు నాలుగు గంటల్లో లాగేసరికి పిక్కలు పట్టేసి మగాడు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనేం చేశానంటే, ఆ మంచాల మధ్యలో నిలబడి, "మీ కోసమే కదా నేను చస్తున్నది, మీకు ఒక్క రాత్రి ఆగడం చేతకాదా" అని అందరూ వినేలా అరిచాను. ఆయన నా వైపు చూడలేదు, గోడ వైపు తిరిగారు.

పక్క మంచం పెద్దాయన భార్య, మేమంతా ఖాలా అంటాం, వచ్చి నా చెయ్యి పట్టుకుని "సబర్ కర్ బేటీ", ఓర్చుకో తల్లీ అంది. ఆ మాట విన్నాక బయటికెళ్లి మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. నాకు ఓర్పు ఎంత ఉందో ఆ రోజు అందరి ముందూ తేలిపోయింది కదా. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని, స్త్రీల సమాజంలో పాటలు ఎత్తుకునే మనిషిని.

ఆ రాత్రి బైబిల్ తీస్తే కీర్తనల్లో నలభయ్యోది. "యెహోవాకొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని, ఆయన నాకు చెవియొగ్గి నా మొఱ్ఱ ఆలకించెను." చిన్నప్పట్నుంచి నోటికి వచ్చిన వాక్యమే. కానీ ఆ రోజు 'కనిపెట్టుకొంటిని' దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే అదే మాట ఆ పొద్దున నర్సమ్మ నాతో అంది. మిషన్ పెట్టిన ప్రతిసారీ అంటుంది, "అమ్మా, కొంచెం కనిపెట్టుకుని ఉండండి, బీపీ పడిపోయినట్టుంటే పిలవండి" అని. అంటే ఊరికే పక్కన పడి ఉండమని కాదు కదా ఆమె చెప్పేది. ముఖం పాలిపోతోందా, చెమటలు పడుతున్నాయా, ఆవలింతలు వస్తున్నాయా, మాట తడబడుతోందా అని కళ్లు ఆయన మీదే పెట్టుకుని ఉండమని. బైబిల్లో ఎదురుచూడటానికి మన తెలుగువాళ్లు వాడిన మాట అదే. ఇన్నేళ్లూ ఆ వాక్యం చదివి ఓర్పు అంటే పళ్లు బిగించి భరించడం అనుకున్నాను. పళ్లు బిగించినవాళ్లం ఎప్పుడో ఒకప్పుడు అరుస్తాం, నేను అరిచాను.

మర్నాడు ఆయనకు క్షమాపణ చెప్పాను. అప్పుడు ఆయన ఇంకో సంగతి చెప్పారు. కీర్తనల్లోనే నూట ముప్పయ్యోదాంట్లో కావలివాళ్లు తెల్లవారడం కోసం కనిపెట్టడం కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోందని ఉంటుంది. పదకొండేళ్లు రాత్రి కావలి కాసిన మనిషి కదా, ఆయనకు అది నాకు తెలిసినట్టు కాదు, వేరుగా తెలుసు. రాత్రి రెండింటికి, మూడింటికి నిద్ర మీదికొచ్చి పడుతుందట, గేటు దగ్గర నిలబడితేనే ఆగుతుందట. "తెల్లవారుతుందా లేదా అనే అనుమానం వాచ్‌మన్‌కి ఎప్పుడూ ఉండదు, కానీ తెల్లవారడం మన చేతుల్లో ఉండదు, అప్పటిదాకా గేటు వదలకూడదు, అంతే" అన్నారు. చదువు ఏడో తరగతి ఆయనది. ఏ ప్రసంగంలోనూ నాకు ఇంత తేటగా అర్థం కాలేదు.

ఇప్పుడు మీ పాఠకుడు రాసిన మనుషుల సంగతి. నిరుడు ఒక ప్రార్థన కూడికలో ఒకాయన మా ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, బాగైపోయావు, ఇంక ఆ మిషన్ మీద కాకుండా దేవుని మీద ఆధారపడు అన్నాడు. మేం మానలేదని తెలిసి, విశ్వాసం తక్కువైంది కాబట్టే స్వస్థత రావడం లేదని నలుగురిలో అన్నాడు. నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతోంది. కిడ్నీలు పూర్తిగా పోయిన మనిషి డయాలసిస్ మానేస్తే ఎన్నో రోజులు బతకడు. మాలాంటి ఏ కుటుంబమైనా ఆ మాట నమ్మితే ఏమవుతుందో ఆయన ఆలోచించాడా? క్రైస్తవులు కూడా చదువుతారని రాస్తున్నాను, దయచేసి ఇలా ఎవరూ అనకండి. పౌలు కంటే విశ్వాసం ఎక్కువున్నవాళ్లమా మనం? తన శరీరంలో ముల్లు తీసెయ్యమని ఆయన మూడుసార్లు వేడుకుంటే, నా కృప నీకు చాలు అన్న జవాబే వచ్చింది, ముల్లు ఉండిపోయింది. ఆయనతో తిరిగిన లూకాను ప్రియుడైన వైద్యుడని రాశారు. తిమోతికి కడుపు జబ్బుంటే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని చెప్పింది ఆ పౌలే. వైద్యం చేయించుకోవడం అవిశ్వాసమని బైబిల్లో ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

ఇంకో రకంవాళ్లు ఉంటారు, వాళ్లది మంచి మనసే. దేవుని చిత్తం అమ్మా, ఏడవకూడదు అంటారు. ఏడవకూడదని ఎవరు చెప్పారు? బైబిల్లో యోబు ఓర్పు గురించి అందరూ చెబుతారు, ఆ గ్రంథం తీసి చదివితే నలభై రెండు అధ్యాయాల్లో దాదాపు సగం ఆయన అడగడం, వాదించడం, నేను పుట్టిన రోజు లేకపోతే బాగుండేదనడం. చివరికి దేవుడు తప్పుబట్టింది యోబుకు నీతులు చెప్పిన స్నేహితుల్ని. ఎన్నాళ్లు ప్రభువా అని కీర్తనల్లో ఎన్నిసార్లు అడిగారో! నేను కూడా అడుగుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు స్టవ్ మీద నీళ్లు పెట్టి, ఆయన లేవకముందు, వంటింట్లో నిలబడే అడుగుతాను.

ఆ నాలుగున్నర ప్రార్థన చాలా చిన్నది. ముందు పెద్దపెద్ద ప్రార్థనలు చేసేదాన్ని, కిడ్నీ మార్పిడి దొరకాలి, పిల్లాడికి ఉద్యోగం రావాలి, అప్పు తీరాలి అని. ఇప్పుడు కూడా అవి అడుగుతాను కానీ చివర్లో. ముందు అడిగేది ఆ రోజుకు కావాల్సిన ఓపిక. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా ఏ రోజుది ఆ రోజే కదా, మర్నాటికి దాచుకున్నవాళ్లది పురుగు పట్టి కంపు కొట్టింది. ఓపిక సంగతీ అంతే అనిపిస్తుంది నాకు. ఇంకా పదేళ్లు ఇలాగే గడవాలా అని ఆలోచించిన రోజు మధ్యాహ్నానికే నీరసం వచ్చేస్తుంది, ఈ రోజు మంగళవారం, నాలుగు గంటలు, అంతే అనుకున్న రోజు గడిచిపోతుంది. మా నాయనమ్మ వాళ్లది మెదక్ దగ్గర పల్లె. కరువు కాలంలో మిషనరీ పోస్నెట్ దొరగారు మెదక్‌లో చర్చి కట్టిస్తుంటే పనికెళ్లినవాళ్లకు తిండి దొరికిందని, వాళ్ల నాన్న రాళ్లు మోశాడని చెప్పేది. 1924 క్రిస్మస్ రోజున ఆ చర్చిని ప్రతిష్ఠించారు, కట్టడానికి పదేళ్లు పట్టింది. రాయి మోసినవాళ్లు గోపురం ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చోలేదు, ఆ పూట గింజల కోసం ఆ పూట రాయి మోశారు. అదే చర్చికి నేను పెళ్లయిన కొత్తలో వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను, అప్పుడు ఇవేమీ తోచలేదు.

రాత్రి పడుకునే ముందు ఇంకో పని ఉంటుంది. సూదులు గుచ్చడానికి ఆయన ఎడమ చేతిలో ఆపరేషన్ చేసి ఫిస్టులా పెట్టారు, రక్తనాళాలు కలిపి. అది సరిగ్గా పనిచేస్తుంటే వేళ్లు ఆనిస్తే సన్నగా వణుకుతుంది, చెవి పెడితే జుయ్‌మని వినిపిస్తుంది. రోజూ చూసుకోవాలి, ఆ చప్పుడు ఆగిపోతే వెంటనే పరిగెత్తాలి. నేను ఆ చేతి మీద చెవి పెట్టి, చప్పుడు వింటూనే ప్రార్థన చేస్తాను. చెవియొగ్గి అన్న మాట నాకు అక్కడ అర్థమైంది. దేవుడు కూడా ఇలాగే వంగి వింటాడేమో అనిపిస్తే ఆ రాత్రికి గుండె కుదుటపడుతుంది.

ఇంత రాశాను కదా అని నేనిప్పుడు కోపం రాని మనిషినైపోయానని అనుకోకండి. మొన్ననే ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర ఒక కాగితం కోసం మూడోసారి తిప్పితే గొంతు లేచింది. అక్కడ లేవాల్సిందేనని నా అభిప్రాయం, ఆ రోజే కాగితం ఇచ్చారు. కానీ మా ఆయన మీద అరవడం తగ్గింది. ఆయన కూడా కుండ దగ్గరికి వెళ్లడం మానేశారు, దాహం ఎక్కువైతే నన్ను లేపుతారు, ఇద్దరం కూర్చుని ఒక ఐసు ముక్క కరిగేదాకా మాట్లాడుకుంటాం.

రాసేదానికి అసలు కారణం ఒకటుంది. మా చర్చిలో ఒక అక్క, ప్రభుత్వ బడిలో టీచర్‌గా రిటైరైంది, ఏడాదిగా ప్రతి శనివారం ఆరింటికల్లా ఆసుపత్రికి వస్తుంది. "నువ్వు పో, కాసేపు పడుకో, నేను కనిపెట్టుకుని ఉంటా" అంటుంది. బైబిల్లో, యుద్ధం జరుగుతుంటే పైకెత్తిన మోషే చేతులు బరువెక్కితే అహరోను ఒక పక్క, హూరు ఇంకో పక్క సూర్యుడు అస్తమించేదాకా పట్టుకున్నారని ఉంది. ఆ అక్క వచ్చిన శనివారాలు నేను వరండాలో చాప వేసుకుని రెండు గంటలు నిద్రపోతాను. వారం మొత్తానికి నాకు ఒళ్లు తెలియకుండా పట్టే నిద్ర అదే. ఆమె మా ఒక్కళ్లనే చూడదు, ఖాలా వాళ్లాయనకు కూడా దుప్పటి కప్పుతుంది.

మన సిటీలో ఎన్ని చర్చిలున్నాయో, ఎన్ని డయాలసిస్ సెంటర్లున్నాయో ఎవరైనా చూసుకోవచ్చు. మీ కోసం ప్రార్థన చేస్తున్నాం అని చెప్పేవాళ్లు చాలామంది దొరికారు మాకు, వాళ్ల ప్రార్థన వల్లే నిలబడ్డాం, నేను కాదనను. వాళ్లలో ఒక్కొక్కరు నెలకు ఒక షిఫ్టు వచ్చి కూర్చుంటే ఎంతమంది ఆడవాళ్లు కళ్లు మూసుకుంటారో. వచ్చేటప్పుడు కొబ్బరిబొండాలు, అరటిపళ్లు మాత్రం తేవద్దు, వాటిలో ఉండే పొటాషియం వీళ్లకు గుండె మీదికి తెస్తుంది. ప్రేమతోనే తెస్తారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు, అందుకే పేపర్‌లో రాస్తే అందరికీ తెలుస్తుందని. ఖాళీ చేతులతో రండి, నాలుగు గంటల టైమ్ పెట్టుకుని రండి. ఏం చెయ్యాలో నర్సమ్మ చెబుతుంది.

మీ ఆదివారం పేజీలో ఈ ఉత్తరంలో కనీసం ఈ చివరి భాగమైనా వెయ్యమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బోడుప్పల్, హైదరాబాద్