ఆఫీసు నుంచి తిరిగొచ్చిన ఆవకాయ

తెనాలి,
మే నెలాఖరు

చి॥ చిన్నాకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గానీ ఈ ఏడు కార్తె రాకముందే అన్నీ పగిలేలా ఉన్నాయి. మధ్యాహ్నం కరెంటు పోతే మీ నాన్నగారు తడి తువ్వాలు భుజాన వేసుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. మెట్ట పిన్నికి మోకాలు మళ్ళీ వాచింది. బాబాయి బోరు వేయిస్తే నీళ్ళు పడలేదు. రెండోది వేయిస్తానంటున్నాడు, అప్పు చేసి.

ఆవకాయ పెట్టాను. కాయ బాగా పుల్లగా దొరికింది. నీకు కిలో డబ్బా సీలు వేయించి కొరియర్లో పంపాను. రూములో పగలు ఎవరూ ఉండరని నువ్వే అన్నావు కదా అని మీ ఆఫీసు అడ్రసే రాశాను. వారం తిరక్కుండా డబ్బా తిరిగొచ్చింది. నూనె కారి అట్టపెట్టె ఒక మూలంతా ఎర్రగా నానిపోయింది. ఈ పేరుగల ఉద్యోగి ఇక్కడ లేరని పైన ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టారు. నేనే ఫ్లోరు నంబరు తప్పు రాశానేమో. సరే, అది పక్కన పెట్టు.

మొన్న బుజ్జి వచ్చి రెండు రోజులుంది. బీరువా తీసి నీ పదో తరగతి మార్కుల లిస్టు, ఇంటరుది, బీటెక్ ప్రొవిజనల్, టీసీ అన్నీ మంచంమీద పరిచి ఫోన్లో ఫొటోలు తీసుకుంది. ఎందుకే అంటే అన్నయ్య పాస్‌పోర్టు రెన్యువల్‌కి అంది. రెన్యువల్‌కి ఇంటరు మార్కులెందుకే అన్నాను. నవ్వేసింది. దాని నవ్వు నాకు తెలియదా? సాయంత్రం మల్లెపూలు గుచ్చుతూ ఉండగా లాసెట్, అదే లా కాలేజీ ప్రవేశ పరీక్ష, అన్న మాట దాని నోటి నుంచి జారింది. మిగతాది నేను పూలు గుచ్చుతూనే రాబట్టాను. దాన్ని కోప్పడకు.

నేనేం అడగను. ఉద్యోగం వాళ్ళు తీసేశారో, నువ్వే వద్దనుకున్నావో నీకు తెలుసు. సంక్రాంతికి వచ్చినప్పుడు మేడమీద గదిలో ల్యాప్‌టాప్ ముందేసుకుని, మీటింగుందమ్మా అని తలుపేసుకున్నావు. టీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, మాట వినపడక, పనిలో ఉన్నాడులే అని దిగొచ్చేశాను. అప్పటికే ఉద్యోగం లేదట కదా. పోనీ పండగపూట ఎందుకు చెప్పడమనుకున్నావేమో. పండగ అయి ఎన్నాళ్ళయింది నాయనా?

అది అటుంచి, లాసెట్ సంగతి. నీకు తెలియదని కాదు, తోచింది రాస్తున్నాను. ఆ పరీక్షలో నువ్వెన్నాళ్ళు ఖాళీగా ఉన్నావని అడిగేవాడు లేడు. నూట ఇరవై ప్రశ్నలు, గంటన్నర. జనరల్ నాలెడ్జి ముప్పై, కరెంట్ అఫైర్స్ ముప్పై, మిగతా అరవై లాకి సంబంధించినవి. తప్పు రాస్తే మార్కు కోయరు, కాబట్టి ఒక్కటీ వదలకు. నీ లెక్కల అలవాటు కొద్దీ తెలియనిది వదిలేసి వస్తావేమోనని నా భయం. డిగ్రీలో నలభై అయిదు శాతం ఉంటే చాలు, నీకు దానికి మించే ఉన్నాయి. ర్యాంకు వస్తే సీటు, అంతే. మీ బెంగళూరులో నాగరభావి నేషనల్ లా స్కూల్లో కూడా 2022 నుంచి మూడేళ్ళ కోర్సు ఉంది. దాని పరీక్ష వేరు, రాతపని ఎక్కువ. నీ చేతిరాత తలుచుకుని నేనేమీ అనడం లేదు.

అడ్మిషన్ దగ్గర కొన్ని కాలేజీలు గ్యాప్ అఫిడవిట్ అడుగుతాయి. స్టాంపు కాగితం మీద, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు చదువులో లేను, ఈ పని చేశాను, ఏ కేసులోనూ లేను అని రాసి నోటరీ చేయించడమే. అంతకుమించి దాని గురించి జడుసుకోవలసింది లేదు. మొన్న మీ నాన్నగారితో అదే అన్నాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి కూడా చెప్పాను. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, బయటికొచ్చాక మెట్రిక్ దగ్గర్నుంచి మొదలుపెట్టి, 1942లో మద్రాసులో లా పూర్తి చేసి ప్రాక్టీసు పెట్టారు, ఆ తరవాత రాజ్యాంగ సభకే వెళ్ళారు, మధ్యలో గ్యాప్ ఉందని ఎవరైనా అన్నారా అని అడిగాను. ఆయనేమన్నారో తెలుసా? "ఆవిడ ఖాళీగా ఉన్నది దేశం కోసం. వీడెవరికోసం ఉన్నాడు?" అన్నారు. అన్న మర్నాడే పనేదో ఉందని విజయవాడ వెళ్ళి, లాసెట్ గైడు ఒకటి తెచ్చి, మాటా పలుకూ లేకుండా ఫ్రిజ్ మీద పెట్టారు. ఇంకా అక్కడే ఉంది. నేను తీయలేదు.

నీకో సంగతి చెప్పాలి. కోర్టు కాపీయింగ్ సెక్షన్లో, అంటే తీర్పుల నకళ్ళు ఇచ్చే చోట, ఉద్యోగం చేస్తూ ఎందరు జూనియర్ ప్లీడర్లను చూశానో లెక్కలేదు గానీ ఈ అబ్బాయి బాగా గుర్తు. పేరు రాయను, ఇప్పటికీ రోజూ కోర్టుకొస్తాడు. మొదటిసారి కాపీ అప్లికేషన్ పట్టుకొచ్చినప్పుడు దావా నంబరు వేయాల్సిన చోట ఐ.ఏ. నంబరు, అంటే దావా మధ్యలో వేసే అర్జీ నంబరు, వేశాడు, స్టాంపులు తక్కువ అంటించాడు. తిప్పి పంపాను. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ తప్పే. కుర్రాడు కదా అని తలెత్తి చూస్తే చెంపలు నెరిసిపోయి ఉన్నాయి. నా పక్క సీటు సరోజ, "ముప్పై దాటాక ప్లీడరు గౌను వేసుకున్నాడట, వయసుకు పెద్ద, బార్‌లో చిన్న" అంది. ఆ మాట అతనికి వినపడింది కూడా. ఏమీ అనుకోకుండా స్టాంపులు సరిచేసుకుని వెళ్ళాడు. పాపం ఆ రోజుల్లో ఒకే నల్లకోటు, మోచేతి దగ్గర దారాలు తేలి ఉండేది.

రాను రాను చనువయ్యాక తెలిసింది. ఆ అబ్బాయి హైదరాబాదులో కాల్ సెంటర్లో పనిచేసేవాడు. ఇక్కడ తండ్రికి పక్షవాతం వచ్చింది. తల్లి లేదు. ఉద్యోగం మానేసి వచ్చి ఆయన్ని మంచంలో ఒత్తిగిల్లించడం, స్నానం, ఫిజియోథెరపీ, అన్నీ తనే చూసుకున్నాడు. ఆయన పోయాక లా చదివాడు. ఇంతవరకు వంక పెట్టడానికేముంది? అయితే ఎవరో తెలివైన బంధువు చెప్పాడట, ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నానని చెబితే రేపు ఎవరూ ఉద్యోగమివ్వరు, మా కంపెనీలో చేసినట్టు కాగితం రాసిస్తాను అని. రాయించుకున్నాడు. ప్రాక్టీసు పెట్టిన కొన్నాళ్ళకు ఒక బ్యాంకులో లా ఆఫీసరు పోస్టుకి దరఖాస్తు చేశాడు. పరీక్ష పాసయ్యాడు, ఇంటర్వ్యూ బాగా చేశాడు. చేరే ముందు వాళ్ళు పాత ఉద్యోగాలకు పీఎఫ్ నంబర్లడిగారు. కాల్ సెంటరుది ఉంది. ఆ బంధువు కంపెనీది ఎక్కణ్ణుంచి వస్తుంది? కంపెనీ మూతపడి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఉద్యోగం పోయింది.

ఆ రోజు మా సెక్షన్ బయట బల్ల మీద మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. నా మజ్జిగ బాటిల్ ఇస్తే తాగాడు. "మా నాన్న డిశ్చార్జి సమ్మరీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉందమ్మా, అది చూపిస్తే సరిపోయేది, అదీ ఉద్యోగంలాంటిదే కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అంతకంటే అతని భయం ఇంకోటి. అడ్వొకేట్స్ యాక్టు 26వ సెక్షన్లో ఉంది, ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి రోల్లో, అంటే వకీళ్ళ జాబితాలో, పేరు ఎక్కించుకున్నట్టు తేలితే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ పేరు తీసేయొచ్చు. అలా పేరు ఎక్కించుకునే ఎన్‌రోల్‌మెంట్‌కి అతను ఆ కాగితం పెట్టలేదు, అదృష్టం. ఇప్పుడు మోటారు యాక్సిడెంట్ క్లెయిముల్లో మంచి పేరు. మంచానపడ్డవాళ్ళకు అటెండెంటు ఖర్చు ఎంత అడగాలో, ఒళ్ళు పుళ్ళు పడితే నెలకు మందులెంతవుతాయో అతను లెక్కకట్టినట్టు ఎవరూ కట్టలేరని గుమాస్తాలే చెబుతారు. కోటు కూడా కొత్తది.

నువ్వు అలాంటి కాగితాల జోలికి పోతావని కాదు. అమీర్‌పేటలోనూ మీ బెంగళూరులోనూ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అమ్మేవాళ్ళున్నారని పేపర్లో చదువుతూ ఉంటాను కదా, అందుకని. అమ్మతో మీటింగని చెప్పినంత తేలిక కాదు అది.

ఇక లా అయ్యాక. పెద్ద ఫర్ములు ఎక్కువగా క్యాంపస్ నుంచే పిల్లల్ని ఏరుకుంటాయి. మూడేళ్ళ కోర్సు చేసి పెద్ద వయసులో వెళితే మధ్యకాలంలో ఏంచేశావని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రెండు వాక్యాల్లో చెప్పు, వాళ్ళు తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోతారు. నువ్వు నీళ్ళు నమిలితే అక్కడే ఆగుతారు. ఇక్కడి కోర్టుల్లో అయితే సీనియర్లు అదీ అడగరు. పొద్దున్నే ఎనిమిదికి ఆఫీసుకొస్తావా, తెలుగులో ప్లీడింగు రాయగలవా, ఫైలు చదివి వస్తావా అనే అడుగుతారు. డబ్బు మాత్రం మొదట్లో ఉండదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు ఇరవై వేలు, పల్లెల్లో పదిహేను వేలు ఇమ్మని 2024లో బార్ కౌన్సిల్ సూచించింది. సూచన సూచనే. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి మాత్రం బెంగపడకు, అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు చట్టంలో ఉన్నదానికి మించి వసూలు చేయొద్దంది, ఏడు వందల యాభైతో సరి. లోగడ వేలకు వేలు కట్టేవాళ్ళు.

నీ బీటెక్ ఎక్కడికీ పోదు. పేటెంట్ ఏజెంటు పరీక్షకి సైన్సో ఇంజనీరింగో డిగ్రీ ఉండి తీరాలి, ఉత్త బి.ఎల్. వాళ్ళు రాయలేరు. పైగా కొత్త సాక్ష్య చట్టం వచ్చాక సీసీ కెమెరా ఫుటేజీ, వాట్సాప్ మెసేజీలు దాఖలు చేయాలంటే 63వ సెక్షన్ సర్టిఫికెట్ పెట్టాలి, అందులో హ్యాష్ వాల్యూ అని, ఫైలుకి వేలిముద్రలాంటిది, ఒకటి రాయాలి. అదేమిటో అర్థంకాక పెద్ద పెద్ద ప్లీడర్లు కంప్యూటర్ కుర్రాళ్ళను వెతుక్కుంటున్నారట. నీకది మంచినీళ్ళ ప్రాయం.

జడ్జివి కావాలని నాకు లేదంటే అబద్ధమే. కాపీలు చేసి చేసి, ఆ సంతకం చోట నీ పేరు ఊహించుకున్న రోజులున్నాయి. 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్ళీ మూడేళ్ళ ప్రాక్టీసు ఉంటేనే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష అంది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే తాత్కాలికంగా వకీలుగా పేరు నమోదైన, తేదీ నుంచే లెక్క. పదేళ్ళ అనుభవమున్న వకీలు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని మీద జడ్జిగారి సంతకం కావాలి. అంటే అసలు గ్యాప్ రాకూడనిది అప్పుడు. లా కాకముందు నువ్వు ఆరు నెలలు గోడకేసి చూస్తూ కూర్చున్నా ఒరిగిపోయేదేమీ లేదు. పట్టా వచ్చాక కూర్చుంటే మాత్రం వయసు పరిమితి నెత్తిన ఉంటుంది.

ఇంకొకటి. లాలో చేరి రాత్రిపూట ఇంటి నుంచి ఏదో ఉద్యోగం చేసుకుంటానంటావు, నాకు తెలుసు. ఎవరికీ తెలియదులే అనుకుంటావు. సబ్జెక్టుకి డెబ్భై శాతం హాజరు ఉండాలి. 2024 సెప్టెంబర్‌లో బార్ కౌన్సిల్ ఉద్యోగం సంగతి కూడా రాసివ్వమని సర్క్యులర్ పెట్టింది, చేస్తుంటే ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదని ఉద్యోగమిచ్చినవాళ్ళు ఇచ్చే కాగితం, ఉండాలట. ఇంటర్న్‌షిప్ పన్నెండు వారాలు. పగలు కోర్టు, రాత్రి కంప్యూటర్ అయితే నీ గ్యాస్ట్రిక్ నొప్పి ఏమవుతుంది? ఇప్పటికే పొద్దున టిఫిన్ మానేస్తున్నావని బుజ్జి చెప్పింది. అదీ చెప్పలేదు నువ్వు.

ఒకటో తారీఖున నువ్వు పంపే డబ్బు ఒక్క నెలా ఆగలేదు. ఉద్యోగం లేనివాడివి ఏది కరిగించి పంపుతున్నావో నాకు నిద్ర పట్టడం లేదు. ఈ నెల నుంచి పంపకు. పంపినవి మేం ముట్టుకోలేదు, వేరే ఖాతాలో వేశాను, కాలేజీ ఫీజుకు పనికొస్తాయి. నాన్నగారి పెన్షను, నా పెన్షను, పై వాటా అద్దె ఉండగా మాకేం లోటు? నీ రూము అద్దె దండగ. పరీక్షకు గుంటూరు సెంటరు పెట్టుకుంటే ఇంటి నుంచే వెళ్ళొచ్చు. మేడమీద గదికి సున్నం వేయిస్తున్నాను. నీకోసం కాదు, ఎలాగూ వేయించాలి.

నాన్నగారితో నువ్వే మాట్లాడు. ఆయన తిడతారు. తిట్టనీ, మధ్యలో ఫోన్ పెట్టేయకు. తిట్టడం అయ్యాక భోంచేశావా అని అడుగుతారు, అప్పుడు జవాబు చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ

తా.క.: ఒరిజినల్స్ కొరియర్లో పంపను, నువ్వే వచ్చి తీసుకో. ఇంటరు మెమోలో నాన్నగారి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది, అప్పట్లో ఎవరం చూసుకోలేదు. పదో తరగతి దానితో కలవదు. కౌన్సెలింగ్‌కి ముందే చూసుకోవాలి. పాస్‌పోర్టు సైజు ఫొటోలు కొత్తవి తీయించుకో. గడ్డం తీసి దిగు.