బొమ్మ లేని బొమ్మల ముచ్చట

సంపాదకులు గారికి,

గత ఆదివారం మా పర్లాకిమిడిలో ఒక చిత్రకారుడికీ ఒక కళా విమర్శకుడికీ మధ్య బహిరంగ సంభాషణ పెట్టారు. మీ జిల్లా పేజీలో ఫొటో వేశారు, జ్యోతి వెలిగిస్తున్నదీ శాలువాలు కప్పుతున్నదీ. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఒక్క ముక్క లేదు. మీ విలేకరిని ఏమీ అనను, నేను చివరిదాకా కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా, రాయడానికి అక్కడ పెద్దగా ఏమీ దొరకదు.

అసలు హాల్లో ఒక్క బొమ్మ లేదు. ప్రొజెక్టర్ మీద స్లైడ్లు వేశారు. కిటికీలకి కర్టెన్లు లేవు, ఎండ తిన్నగా తెర మీద పడి ఎర్రమట్టి రంగు కాస్తా వెలిసిపోయిన గులాబీ అయిపోయింది. విమర్శకుడు గారేమో ఈ ఎరుపులో ఎంత గాంభీర్యం ఉందో చూడండి అంటున్నారు, మేం ఆ గులాబీకేసి చూస్తూ తలలూపుతున్నాం. 1877లో లండన్‌లో రస్కిన్ అనే విమర్శకుడు విజ్లర్ బొమ్మని తిట్టిపోస్తే, ఆ చిత్రకారుడు పరువు నష్టం దావా వేసి మరుసటి ఏడు గెలిచాడు. పరిహారంగా వచ్చింది ఒక్క ఫార్దింగ్, అంటే పావు పెన్నీ! కోర్టు గొడవలో కూడా జ్యూరీ చూడటానికి బొమ్మలు తెప్పించారు. మన నిర్వాహకులకి ఒక ఆటో మాట్లాడటం కష్టమా?

సరే, అది చిన్న విషయం. చిత్రకారుడు గారు మధ్యలో, నా గీత సవర గోడల నుంచి వచ్చింది అన్నారు, అంటే మా కొండల్లో ఉండే సవర గిరిజనుల ఇళ్ళ గోడల మీది బొమ్మల నుంచి. అక్కడే అసలు సంభాషణ మొదలవ్వాలి. విమర్శకుడు గారు వెంటనే ఆధునికతకీ ఆదిమతకీ వంతెన అని ఓ మాట వేశారు, చప్పట్లు పడ్డాయి, తరవాత స్లైడ్. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక చీటీ రాసి పైకి పంపించారు. "బాబూ, ఈ బొమ్మ ఏ ఊరి గోడ మీద చూసేరు? అది ఎవరి కోసం వేసిందో అడిగేరా?" అని. సమయం చాలదన్నారు, చీటీ టేబుల్ మీద నీళ్ళ బాటిల్ కింద ఉండిపోయింది. వందన సమర్పణకి మాత్రం కావలసినంత సమయం దొరికింది.

ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఒడిశాలోని ఈ గజపతి, రాయగడ జిల్లాల్లో ఉండేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సవరలు ఈడితాల్ అనే ఈ గోడ బొమ్మ అందం కోసం వేసే ముగ్గు కాదు. ఎర్రమట్టి అలికిన గోడ మీద, బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, కొస నలగ్గొట్టిన పుల్లతో ముందు ఇల్లులా చట్రం గీస్తారు, లోపల మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు, ఈమధ్య సైకిళ్ళూ విమానాలూ కూడా. ఇంట్లో జబ్బు చేసిందనో, పంట బాగా రావాలనో, పోయిన తాత కోసమో వేస్తారు. గిరిజనుల మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ సవరల గురించి రాసినదాంట్లో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, బొమ్మ పూర్తయ్యాక పూజారి పూనకంలో ఆ ఆత్మనే పిలిచి చూడమంటాడు, అది లేదు ఇది చాల్లేదు అంటే వేసినవాడు మళ్ళీ పుల్ల పట్టుకుని చేర్చాల్సిందే. అంటే చిత్రకారుడూ విమర్శకుడూ అందరి ముందూ మాట్లాడుకోవడం ఈ కొండల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, పైగా ఆ విమర్శకుడు శాలువాకి మెత్తబడే రకం కాదు.

ఆ గీతలే ఇవాళ చీరల మీదా, హోటల్ గోడల మీదా, కాన్వాసుల మీదా ఉన్నాయి. వాడుకోవద్దని నేననను, కళలో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి. కానీ పుచ్చుకున్నవాడు వేదిక మీద ఉంటే ఇచ్చినవాడు కనీసం ముందు వరసలో అయినా ఉండాలి కదా. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే బడిపంతులుగా ఉంటూ, సవర మాట్లాడేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు, నిఘంటువు చేశారు. అలాంటి ఊళ్ళో మైకులో సవర మాట ఒక్కటీ వినపడలేదు. తెలుగూ ఒడియా కూడా అంతంతమాత్రమే, మిగతాదంతా ఇంగ్లీషు.

విమర్శ అంటే తిట్టమని కాదండీ. మన పక్కనే దిగపహండిలో పుట్టిన దీనానాథ్ పాఠి గారు కుంచె కూడా పట్టారు, కళ మీద పుస్తకాలూ రాశారు, ఒకే మనిషి రెండు పనులూ చేశారు. ఖల్లికోట్‌లో ఆర్ట్స్ కాలేజీ ఉంది, అక్కడి పిల్లలు నలుగురు వచ్చి ఉంటే గట్టి ప్రశ్నలే పడేవి. పిలిచినట్టు లేరు.

వచ్చేసారి పెట్టేవాళ్ళకి ఇది చేరేలా వేయండి. అసలు బొమ్మలు నాలుగు చాలు, గోడకి తగిలించండి. విమర్శకుణ్ణి ముందురోజే పిలిచి వాటి ముందు కూర్చోబెట్టండి. గోడ మీద ఈడితాల్ వేసేవాళ్ళని ఒకరిని మూడో కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన మాట మాకు తెలుగులో చెప్పడానికి సవర, తెలుగు రెండూ వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టండి, మన దగ్గర అలాంటివాళ్ళకి కొదవ లేదు. సగం సమయం మాకు వదలండి. ఇంకొకటి, సాయంత్రం పూట కాకుండా పొద్దున్నే పెట్టండి, చీకటి పడితే కొండ ఊళ్ళకి బస్సులుండవు.

ఇట్లు,
ఒక పాఠకుడు, పర్లాకిమిడి