చీటీలు రాసిన ఏడాది: నాణేల సేకర్తల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక మాట అనుకున్నాం. కొత్త నాణేల వేట కాస్త తగ్గించి, ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటికి ఒక్కో నాణెం వివరాలు చెప్పే చీటీలు రాసుకుందామని. ఆ రోజు చేతులెత్తినవాళ్లంతా రాయలేదు. రాసినవాళ్లలోనూ పెట్టె మొత్తం పూర్తి చేసినవాళ్లు తక్కువే. అయినా ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో చెప్పుకోదగ్గది ఇదేనని కార్యవర్గం అభిప్రాయం. అందుకే నివేదిక దీనితోనే మొదలుపెడుతున్నాను.

మనలో ఎక్కువమందికి ఈ పిచ్చి బడి వయసులోనే పట్టింది. చిల్లరలో కనబడిన వింత బిళ్లో, పెద్దవాళ్ల పెట్టె అడుగున దొరికిన పాత వెండి నాణెమో కారణం. ఆ తర్వాత ఉద్యోగాలు మారాయి, ఇళ్లు మారాయి, పెట్టె మాత్రం వెంటే వచ్చింది. ఏ నాణెం ఎవరి దగ్గర తీసుకున్నామో, దానికోసం ఎంత తిరిగామో అన్నీ మనకు నోటికొచ్చు. చిక్కల్లా అక్కడే. ఆ వివరాలన్నీ మన తలలో ఉన్నాయి, కాగితం మీద లేవు. ఇంట్లోవాళ్లకు తెలిసిందల్లా "నాన్నగారి పెట్టె", "అమ్మ పెట్టె" అని మాత్రమే.

చీటీలో ఏమేం ఉండాలన్న దానిమీద వరుసగా కొన్ని సమావేశాల్లో వాదులాడుకున్నాం. చివరికి తేలింది ఇది. వేయించిన రాజు లేదా ప్రభుత్వం, లోహం, గ్రాములో నూరో వంతు వరకు తూకం, వ్యాసం, అచ్చుల దిశ, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చింది, అంతకుముందు ఎవరి దగ్గర ఉండేది. అచ్చుల దిశ చాలామంది పట్టించుకోరు. బొమ్మ వైపు నిటారుగా పట్టుకుని నాణేన్ని పక్కకు తిప్పండి. బొరుసు కూడా నిటారుగా కనిపిస్తే గడియారంలో 12 అని రాస్తాం, తలకిందులైతే 6. యూరో నాణేలు 12, అమెరికా నాణేలు 6. చేత్తో సుత్తిదెబ్బ కొట్టి చేసిన పాత నాణేల్లో ఏ గంటైనా రావచ్చు. యంత్రం మీద తయారైన నాణెంలో ఈ దిశ తేడాగా ఉంటే అది టంకశాల పొరపాటైనా కావాలి, నకిలీ అయినా కావాలి. రెండు సందర్భాల్లోనూ దాన్ని రాసిపెట్టుకోవడం మనకే మంచిది.

"ఎవరి నుంచి వచ్చింది" అన్న గడి దగ్గర కొందరు మొహమాటపడ్డారు. అది వ్యక్తిగతం కదా అన్నారు. ఆ గడి ఎందుకు ముఖ్యమో చెప్పడానికి జోగళ్తెంబి నిధి మీద ఒక సాయంత్రం మొత్తం కేటాయించాం. 1906లో నాసిక్ ప్రాంతంలో దొరికిన ఆ నిధిలో 13 వేలకు పైగా వెండి నాణేలున్నాయి. అన్నీ పశ్చిమ భారతాన్ని ఏలిన క్షహరాత వంశపు క్షత్రపుడు (శక పాలకుడు) నహపాణుడివే. అయితే వాటిలో మూడింట రెండు వంతులకు పైగా నాణేల మీద నహపాణుడి ముఖం మీదుగానే గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. వంపులు పేర్చినట్లుండే కొండ గుర్తు ఒకవైపు, శిలువలా ఉండి కొసల్లో వలయాలుండే ఉజ్జయిని చిహ్నం మరోవైపు. ఓడినవాడి డబ్బు కరిగించకుండానే గెలిచినవాడు దాన్ని తనదిగా చెలామణీ చేశాడన్న సంగతి ఆ కుప్ప ఒక్కచోట ఉండటం వల్లే అంత స్పష్టంగా తెలిసింది. నాసిక్ శాసనం చెప్పే విజయానికి అది లోహంలో సాక్ష్యం. అదే నిధి దొరికిన రోజే గుప్పెడు గుప్పెడుగా చేతులు మారి ఉంటే? ఎవరి ఆల్బమ్‌లోనో రెండు ముద్రలున్న ఒక వింత నాణెం మిగిలేది. ఆ ఉపన్యాసం తర్వాత ఆ గడి ఖాళీగా వదిలేసినవాళ్లు బాగా తగ్గారు.

మిగతా నెలవారీ ఉపన్యాసాల గురించి క్లుప్తంగా. ఇప్పటి టర్కీలో ఉండిన లిడియా రాజ్యంలో క్రీ.పూ. 7వ శతాబ్దంలో బంగారం, వెండి కలగలిసిన సహజ మిశ్రలోహంతో మొదలైన నాణేల మీద ఒకటి జరిగింది. గ్రీకు ఒకవైపు, ప్రాచీన వాయవ్య భారత లిపి ఖరోష్ఠి మరోవైపు ఉన్న ఇండో గ్రీకు నాణేల మీద ఇంకొకటి. కలకత్తా టంకశాలలో లోహ పరీక్షాధికారిగా పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్‌కు 1830ల్లో ఖరోష్ఠి అక్షరాలు పట్టిచ్చినవి ఈ నాణేలే. నాణెం అంచు చుట్టూ ఉండే సన్నటి గీతల మీద జరిగిన ఉపన్యాసంలో వక్త మంచి పని చేశారు. 1696లో ఇంగ్లండు టంకశాలలో చేరిన ఐజాక్ న్యూటనే అంచు గీతలు కనిపెట్టాడని మనవాళ్లు చాలామంది నమ్ముతారు. అవి ఆయన రాకముందే ఉన్నాయి. ఆయన చూసుకున్నది, వెండి కాజేయడానికి జనం అంచులు కత్తిరించి కత్తిరించి సగమైపోయిన పాత వెండి నాణేలను వెనక్కి తీసుకుని కొత్తవి వేయించే పెద్ద కార్యక్రమం.

పిల్లల తరగతి

ఈ ఏడాది అనుకోకుండా బాగా సాగినది పిల్లల కోసం పెట్టిన "తారీఖు చదవండి" తరగతి. గిన్నెలో దేశదేశాల చిల్లర పోసి, ఏది ఏ సంవత్సరానిదో తేల్చమన్నాం. థాయిలాండ్ నాణెం మీద బౌద్ధ శకం లెక్కలో 2500 అని ఉంటే 543 తీసేసి 1957 అని చెప్పాలి. జపాన్ నాణెం మీది షోవా 39కి (షోవా అనే చక్రవర్తి శకంలో 39వ ఏడు) 1925 కలిపితే 1964. ఇస్లామీయ క్యాలెండరు హిజ్రీ 1300కు నేరుగా 622 కలిపితే తప్పవుతుంది. చాంద్రమాన సంవత్సరం పొట్టిది కాబట్టి ముందు 0.97తో గుణించాలి, అప్పుడు 1883 దగ్గరికి వస్తుంది. (అది 1882 చివర్లో మొదలైన ఏడాది. లెక్కలో ఇంత దగ్గరికొస్తే చాలు.) పెద్దలు కాగితం కోసం వెతుక్కుంటుంటే పిల్లలు నోటితోనే చెప్పేశారు.

వాళ్లందరినీ బోల్తా కొట్టించింది ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా బొమ్మ ఉన్న థాలర్ అనే పెద్ద వెండి నాణెం. దాని మీద 1780 అని స్పష్టంగా ఉంటుంది. ఆ మహారాణి చనిపోయిందీ ఆ ఏడాదే. కానీ ఎర్ర సముద్రం చుట్టుపక్కల వర్తకులు ఆ బొమ్మనే, ఆ తారీఖునే నమ్మడంతో వియన్నాతో పాటు వేరే టంకశాలలు కూడా 20వ శతాబ్దంలోనూ అదే 1780తో దాన్ని వేస్తూ వచ్చాయి. 28 గ్రాముల పైచిలుకు బరువుండే ఆ నాణెం ఏ కాలానిదో తేల్చాలంటే కిరీటం, ఈకలు, అంచు మీది రాత, ఇలాంటి చిన్న తేడాలు భూతద్దం పెట్టి చూడాలి. తరగతి అయిపోయాక కూడా ఒక పాప దాన్ని వదల్లేదు. ఆ పాప ఇప్పుడు మన బాల సభ్యురాలు.

భద్రపరచడం

ఈ విషయం ఏటా చెబుతున్నదే, ఏటా చెప్పవలసి వస్తున్నదే. నాణేలు తోమకండి. పులుపు వద్దు, పొడి వద్దు, బ్రష్షు వద్దు, నగలు మెరిపించే ద్రావకం అసలే వద్దు. వెండి నల్లబడటమంటే గాలిలోని గంధకపు వాయువులతో కలిసి పైన సన్నటి పొర ఏర్పడటం. దాన్ని గీకితే నల్లదనంతో పాటు అచ్చు దిగిన అసలు ఉపరితలం కూడా పోతుంది. తిరిగి రాదు. తళతళలాడే రెండువేల ఏళ్ల నాటి నాణెం చూసి ముచ్చటపడే సభ్యులు మనలో ఇంకా ఉన్నారు. నాకు మాత్రం అలాంటిది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నాణేల భద్రత మీద పెట్టిన శిబిరంలో సభ్యుల ఆల్బమ్‌లు తెప్పించి చూశాం. ఎక్కువ నష్టం చేసినవి మెత్తటి పీవీసీ కవర్లు. కొత్తలో అద్దంలా ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటిలోంచి వచ్చే ఆమ్లం, జిడ్డు నాణేనికి పట్టి పచ్చటి బంకలా తేలుతుంది, తర్వాత లోహాన్నే తినేస్తుంది. గట్టిగా, కాస్త పెళుసుగా ఉండే పాలియెస్టర్ కవర్లలోకి మార్చుకోండి. పచ్చ బంక ఇప్పటికే పట్టి ఉంటే గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి నాణేన్ని నానబెట్టండి, రుద్దకండి. గోళ్ల రంగు తుడిచే సీసా దీనికి పనికిరాదు, అందులో వేరే నూనెలు, వాసన ద్రవ్యాలు కలిపి ఉంటాయి. కిటికీలు తెరిచి, నిప్పుకు దూరంగా చేయండి.

రాగి, కంచు నాణేల మీద చిలుము రెండు రకాలని చాలామందికి మొదటిసారి తెలిసింది. గట్టిగా, నున్నగా, ముదురు రంగులో ఉండేది నాణేనికి కవచం, దాని జోలికి పోవద్దు. లేత ఆకుపచ్చ పొడిలా రాలేది రోగం. లోపల క్లోరైడ్ లవణాలు చేరి, తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని తొలుస్తూ పోతాయి. అలాంటి నాణేన్ని వెంటనే విడదీసి, తేమ పీల్చే సిలికా పొట్లాలతో మూత బిగించిన డబ్బాలో పెట్టి, తెలిసినవాళ్లకు చూపించాలి.

నకిలీలు

తూకం, వ్యాసం కొలిచే కాలిపర్, నీళ్ల గిన్నె. మన పరీక్ష బల్ల మీద ఉండే సామగ్రి ఇంతే. నాణేన్ని మామూలుగా ఒకసారి, దారం కట్టి నీళ్లలో వేలాడదీసి ఒకసారి తూచాలి. తగ్గిన బరువుతో మొదటి బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. స్వచ్ఛమైన వెండికి 10.5, బంగారానికి 19.3 రావాలి. వెండి నాణేల్లో రాగి కలుపుతారు కాబట్టి ఇంకాస్త తక్కువ రావడం మామూలే, 9 దగ్గర ఆగిపోతే మాత్రం అనుమానించాలి. టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత బంగారానికి అతి దగ్గరగా ఉంటుంది కాబట్టి బంగారం విషయంలో ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోవద్దు. అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి. అమెరికా 1943లో యుద్ధం కోసం రాగి మిగుల్చుకుంటూ సెంటు నాణేలను జింకు పూత వేసిన ఉక్కుతో చేసింది. పొరపాటున రాగి మిశ్రమంలో దిగినవి అతి కొద్ది. వాటి పేరు చెప్పి రాగి పూత పూసిన ఉక్కు సెంట్లు అంటగడతారు. అయస్కాంతానికి అంటుకుందా, బేరం అక్కడితో ఆపేయండి.

అన్ని నకిలీలూ ఇంత తేలికగా దొరకవు. 19వ శతాబ్దపు మొదట్లో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ అనే జర్మన్ సొంతంగా అచ్చులు చెక్కి, మంచి లోహం వాడి ప్రాచీన నాణేలు తయారు చేశాడు. కొత్తదనం పోవడానికి వాటిని ఇనుప రజనున్న పెట్టెలో వేసి తన బండికి తగిలించి ఊరంతా తిప్పేవాడట. తూకం, లోహం సరిపోతాయి. పట్టించేది అచ్చుల పోలికే. అసలు నాణేల అచ్చులతో, బెకర్ అచ్చులతో పోల్చి చూడటానికి మంచి జాబితాలు కావాలి. మన గ్రంథాలయం కొత్త నాణేల ధరల పుస్తకాల కంటే పాత నిధుల జాబితాలే ఎందుకు కొంటోందని అడిగినవారికి ఇదే జవాబు.

ప్రదర్శన, మార్పిడి రోజు

ప్రదర్శనకు జనం బాగానే వచ్చారు. చతురస్రపు రంధ్రమున్న చైనా నాణేల దండ దగ్గరా, ఒకప్పుడు డబ్బుగా చెలామణీ అయిన స్వీడన్ రాగి పలకల ఫోటో దగ్గరా ఎక్కువసేపు నిలబడ్డారు. 1644 నాటి పది డాలెర్ల (డాలెర్ అంటే అప్పటి స్వీడన్ డబ్బు) పలక ఒక్కటే 20 కిలోలకు కాస్త తక్కువ తూగుతుందంటే, జేబులో ఎలా పెట్టుకునేవారని ఒకటే నవ్వులు. ఎవరు వచ్చినా చివర్లో అడిగేది మాత్రం ఒక్కటే, "ఇది ఎంత పలుకుతుంది?" అని. వచ్చే ఏడాది ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత వంతులవారీగా వేయాలని ప్రదర్శన కమిటీ గట్టిగా కోరుతోంది.

సభ్యులు నాణేలు ఇచ్చిపుచ్చుకునే మార్పిడి రోజున ఒక నియమం పెట్టాం, కొందరికి నచ్చలేదు. మట్టి అంటుకుని ఉన్న, ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పలేని నాణేలను బల్ల మీదికి రానివ్వలేదు. నేలలో దొరికినదాన్ని ప్రభుత్వానికి తెలపాలన్న చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. సాంస్కృతిక సంపద దొంగరవాణాను ఆపడానికి 1970లో యునెస్కో ఒప్పందమే వచ్చింది. బేరం పోయిందన్న బాధ అర్థమవుతుంది, కానీ ఈ నియమాన్ని సడలించే ఉద్దేశం కార్యవర్గానికి లేదు.

వారసుల పత్రం

ఈ ఏడాది కొందరు పెద్ద సభ్యులు మనల్ని విడిచి వెళ్లారు. వారి కుటుంబాలకు సంఘం తరఫున సానుభూతి తెలిపాం. ఒకరి ఇంట్లో ప్రతి కవరులోనూ చీటీ ఉంది, ఏది ఎవరికివ్వాలో చివరి పేజీలో రాసి ఉంది. పిల్లలు ఆ ప్రకారమే చేశారు. మరొకరి ఇంటి నుంచి సంచి నిండా కలిసిపోయిన నాణేలు వచ్చాయి. ఆయన జ్ఞాపకశక్తి మనందరికీ తెలుసు, అడిగితే ఏ నాణెం కథైనా చెప్పేవారు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. వాటిని వేరుచేసే పని ఇంకా సాగుతూనే ఉంది.

రాజుల సేకరణలకే ఈ తిప్పలు తప్పలేదు. ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ లక్షకు పైగా నాణేలు కూడబెట్టాడు, వాటి ఆధారంగా 1910 నుంచి 1943 వరకు 20 సంపుటాల జాబితా వేయించాడు. 1946లో గద్దె దిగినప్పుడు సేకరణ తన దేశానికే వదిలి వెళ్లాడు. ఈజిప్టు రాజు ఫరూక్ కొనడమే తప్ప అంత శ్రద్ధగా రాయించలేదు. 1952లో పదవి పోయింది, 1954లో కైరోలో వేలం వేసేటప్పుడు అరుదైనవీ మామూలువీ కలిపి కుప్పలుగా అమ్మేశారు. అందులో ఉన్న 1933 నాటి అమెరికా 20 డాలర్ల బంగారు నాణేన్ని వేలం నుంచి తప్పించాక అది ఎటో మాయమై, మళ్లీ 1996లో న్యూయార్క్‌లో బయటపడింది.

కాబట్టి కార్యవర్గం ఒక పేజీ వారసుల పత్రం తయారు చేసింది. పెట్టె ఎక్కడుంది, జాబితా ఎక్కడుంది, ఏ భాగాన్ని విడదీయకూడదు, అమ్మాలనుకుంటే ముందు ఎవరిని సంప్రదించాలి, ఏదీ తోమకూడదన్న హెచ్చరిక, ఇవి అందులో ఉంటాయి. నింపి ఇంట్లోనే పెట్టుకోండి, సంఘానికి ఇవ్వనక్కర్లేదు. ఎవరి దగ్గర ఏముందో ఒకచోట రాసిపెట్టడం దొంగలకు దారి చూపించినట్టవుతుంది.

ఇతర విషయాలు

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో విడిగా జతచేశాం. గ్రంథాలయం పుస్తకాలు గడువు దాటినా ఇంకా కొన్ని రావాలి. పేర్లు చదవడం ఇష్టం లేదు, తెచ్చివ్వండి. కొత్త సభ్యుల్లో ఆడవాళ్లు, విద్యార్థులు పెరిగారు. వాళ్ల కోసం సమావేశ వేళను సాయంత్రానికి మార్చాలన్న ప్రతిపాదన ఈ సభ ముందుంది.

సభ ఆమోదానికి వస్తున్న తీర్మానాలు మూడు. సమావేశ వేళ మార్పు, పరీక్ష బల్లకు ఇంకొంచెం సూక్ష్మంగా తూచే తక్కెడ కొనుగోలు, సంచిలో వచ్చిన నాణేలను వేరుచేయడానికి ప్రత్యేక బృందం. మూడోదానికి ఓపిక, కంటిచూపు రెండూ ఉన్నవాళ్లు కావాలి. ఆసక్తి ఉన్నవారు సభ ముగిసేలోగా కార్యదర్శి దగ్గర పేరు ఇవ్వగలరు.