ఎన్ని కంప్యూటర్లకో బిల్లు మీద రాసివ్వండి

సంపాదకులకు నమస్కారం.

డీటీపీ సెంటర్లు, ప్రింటింగ్ ప్రెస్సులు, ఫ్లెక్సీ షాపులు నడిపేవాళ్లకి ఫాంట్ లైసెన్సు గురించి ఎవరూ సరిగా చెప్పడం లేదు. డబ్బు కట్టి కొన్నాం కదా, షాపులో ఎన్ని సిస్టమ్స్ ఉంటే అన్నింట్లో వేసుకోవచ్చు అనుకుంటారు చాలామంది. నిజానికి అమ్మేవాడు మనకిచ్చేది వాడుకునే అనుమతి, దానికో లెక్క ఉంటుంది.

ఆ లెక్క కూడా అందరిదీ ఒకటి కాదు. కొన్ని కంపెనీలు కంప్యూటర్లని లెక్కేస్తాయి, కొన్ని మనుషుల్ని. ఒకే సిస్టమ్ మీద పగలొకరు రాత్రొకరు కూర్చునే ప్రెస్సులో కంప్యూటర్ లెక్కయితే ఒక్క లైసెన్సు చాలు, మనుషుల లెక్కయితే రెండు కావాలి. ఆఫీసులో ఒక సిస్టమ్, ఇంట్లో ల్యాప్‌టాప్ వాడే డిజైనర్‌కి ఇదే తిరగబడుతుంది. వెబ్‌సైట్‌లో పెట్టాలంటే, యాప్‌లో వాడాలంటే చాలాచోట్ల మళ్లీ వేరే లైసెన్సు.

అసలు ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లో ఊరంతా ఎందుకు తిరుగుతున్నాయో చూడండి. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే అక్షరాల కోడు) కాని పాత తెలుగు ఫాంట్‌లో టైప్ చేసిన ఫైలు ఎవరికైనా పంపితే, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో అది పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, దాంతో అవతలివాళ్లు ఫాంట్ కూడా పంపమంటారు, మనవాళ్లు పంపేస్తారు, అక్కడినుంచి అది ఇంకో నలుగురికి పోతుంది. ఇందులో దొంగబుద్ధి ఏమీ లేదు, పని ఆగకూడదన్న తొందరే. కానీ కొన్ని లైసెన్సులు ప్రెస్సుకి కాపీ ఇవ్వడానికి ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఫాంట్ పొందుపరిచిన పీడీఎఫ్ పంపితే, లేదా డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా, మార్చి పంపితే మామూలుగా ఫాంట్ ఫైలు అవసరమే ఉండదు.

డబ్బు లేనివాళ్లకి దారి లేదా అంటే ఉంది. అమెరికాలోని తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర వాళ్ల రామభద్ర, మండలి, మల్లన్న, ఎన్టీఆర్ ఫాంట్లు, గూగుల్ వాళ్ల నోటో సాన్స్ తెలుగు, ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు, లైసెన్సు ఫైలుతో కలిపి పక్కవాళ్లకి ఇవ్వొచ్చు. ఫాంట్‌ని విడిగా అమ్ముకోకూడదు. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మల మాత్రం వీటి లాంటివి కావు, వాటితో ప్రింట్ చేసుకోవచ్చు గానీ ఫాంట్ ఫైలు తీసి వేరే సిస్టమ్‌కి పంచకూడదు. పంచాయతీ ఆఫీసులు, బడులు ఈ ఓపెన్ ఫాంట్లలోనే సర్క్యులర్లు తయారుచేస్తే సగం తలనొప్పి పోతుంది.

ఇక డబ్బు పెట్టి కొనేవాళ్ల సంగతి. ఒప్పందం పేజీలకు పేజీలు ఇంగ్లీషులో ఇస్తే చిన్న షాపువాళ్లు ఏం చదువుతారు? ఎన్ని కంప్యూటర్లకి, ఎంతమందికి, వెబ్‌సైట్‌కి పనికొస్తుందా, సిస్టమ్ పాడై కొత్తది కొంటే లైసెన్సు దానికి మార్చుకోవచ్చా, ఈ నాలుగు ముక్కలు అమ్మేవాళ్లు బిల్లు మీద తెలుగులో రాసివ్వాలి. తెలుగు అక్షరాల మీదే బతికే పత్రికలు ఈ మాట వాళ్లని గట్టిగా అడగాలని నా విన్నపం.

— ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి