జూన్ రాకముందే చేయాల్సిన లెక్క

అమ్మలూ,

నువ్వు పంపిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు అచ్చు తీయించి, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివాను. ఇన్నేళ్లు లోన్ల కౌంటరులో కూర్చున్నదాన్ని, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది! మీరిద్దరూ దుబారా చేస్తున్నారని నాకు అనిపించలేదు. హోటలు తిండి కాస్త ఎక్కువే, అయితే లక్షా నలభై రెండు వేల ఓవర్‌డ్రాఫ్టు, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా ఒక లిమిట్ దాకా బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు, ఇడ్లీ దోసెలతో పేరుకున్నది కాదు.

జూన్‌లో బడి ఫీజు 90,000. ఆగస్టులో కారు ఇన్సూరెన్సు 12,000. సంక్రాంతికి ప్రయాణాలు, బట్టలు 30,000. అన్నీ కలిపితే 1,32,000, అంటే నెలకు 11,000. మీ నెలవారీ బడ్జెటులో ఈ పదకొండు వేలకు చోటే లేదు. అందుకే ఏటా జూన్ రాగానే ఖాతా లోతుకు పోతోంది, మళ్లీ పైకి రావడం లేదు.

ఫోనులో 'అందుబాటులో ఉన్న మొత్తం' 8,000 అని కనిపిస్తే అది నీ డబ్బు కాదు, లిమిట్‌లో వాడకుండా మిగిలిన అప్పు. నీ లిమిట్ లక్షన్నర. వడ్డీ 15 శాతం. ఏ రోజు ఎంత వాడుకుంటే ఆ రోజుకు అంత మొత్తం మీద లెక్కగట్టి నెలాఖరున కోసుకుంటారు. నీకు నెలకు దాదాపు 1,500 అలా పోతోంది. ఏడాదికోసారి రెన్యువల్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే.

ఇంత కడుతూ 60,000 ఎఫ్‌డీ ఎందుకు దాచుకున్నావో నాకు అర్థం కాలేదు. అది తెచ్చేది 7 శాతం. అత్యవసరానికంటావు, సరే. కానీ దాని ఖరీదు నీకు ఏడాదికి దాదాపు ఐదు వేలు పడుతోంది. గడువుకు ముందే తీస్తే కాస్త వడ్డీ కోత ఉంటుంది, అయినా తీసేయి. ఓవర్‌డ్రాఫ్టు 82,000కు దిగుతుంది. అదే రోజు లిమిట్‌ను 90,000కు తగ్గించమని అర్జీ పెట్టు. ఈ రెండో పని చేయకపోతే మొదటిది చేసి లాభం లేదు. నగలు కుదువబెట్టి ఓవర్‌డ్రాఫ్టు తీర్చినవాళ్లను కౌంటరులో ఎంతమందిని చూశానో. బంగారం మీద వడ్డీ తక్కువే, ఆలోచన మంచిదే. లిమిట్ అలాగే వదిలేశారు కాబట్టి ఏడాది తిరిగేసరికి రెండు అప్పులయ్యాయి. క్రెడిట్ కార్డు వైపు మాత్రం చూడకు. బాకీ మిగిల్చితే నెలకే మూడు, మూడున్నర శాతం.

జీతం పడగానే ఇంటి ఖర్చు డబ్బంతా ఒక్కసారే మరో ఖాతాలోకి మారుస్తున్నావు. ప్రతి సోమవారం ఆ వారానికి సరిపడా పంపుకో. మిగతాది ఓవర్‌డ్రాఫ్టు ఖాతాలో ఉన్నన్ని రోజులూ వడ్డీ తగ్గుతుంది. ఇంటి లోన్ ఈఎంఐ తేదీకి ముందు మాత్రం చూసుకో. లిమిట్ తగ్గాక అది బౌన్స్ అయితే ఇటు బ్యాంకు, అటు లోన్ ఇచ్చినవాళ్లు ఇద్దరూ చార్జీ వేస్తారు.

ఇక నెలనెలా లిమిట్ ఐదు వేల చొప్పున తగ్గిస్తూ, పదకొండు వేలు పక్కన పెట్టడం మీ జీతాలకు కష్టమే. రెండూ కుదరకపోతే ముందు పదకొండు వేలు చూడు, లిమిట్ రెండు వేల చొప్పున తగ్గినా ఫరవాలేదు. పదిహేను శాతం అప్పు ఉంచుకుని ఆ పదకొండు వేలు నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో కట్టడం లెక్క ప్రకారం తప్పు, నాకు తెలుసు. అయినా వచ్చే జూన్‌లో మళ్లీ ఓవర్‌డ్రాఫ్టులో చేయి పెట్టకుండా ఉండాలంటే నాకు వేరే దారి కనిపించడం లేదు. బడివాళ్లను ఫీజు మూడు వాయిదాల్లో కట్టించుకుంటారేమో అడుగు, సిగ్గుపడకు.

ఈ ఉత్తరం మీ ఆయనకూ చూపించు. లిమిట్ తగ్గింపు అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లు, ఒకదాని మీద బ్యాంకు స్టాంపు, తేదీ వేయించుకుని నీ దగ్గర ఉంచుకో.

ప్రేమతో,
అమ్మ