సొంత కథకూ డబ్బింగేనా?

తిరుపతి,
ఆదివారం పొద్దున.

ఒరే మామా,

పోయిన నెల నువ్వు ఫోన్‌లో 'మన హీరో సొంత కథ పుస్తకం ఎట్లుండాదిరా?' అంటే 'ఇంకా చదువుతా ఉండా' అని తప్పించుకున్నా కదా, అది అబద్ధం. అప్పటికే అయిపోయింది. ఫోన్‌లో మొదలుపెడితే నా నోరు ఆగదని కాగితం తీసినా. హీరో పేరు మాత్రం రాయను. ఈ ఉత్తరం చెల్లెమ్మ చేతిలో పడిందంటే మీ ఇంట్లో నాకు ఇంగ కాఫీ పుట్టదు.

ఆరు వందలు పోసి కొన్నానురా. ఇంటికి పోయేదాకా ఓర్చుకోలేక లీలామహల్ సర్కిల్ కాడ ఆటో దిగి, టీ అంగట్లోనే పైకాగితం చించినా. ముందర ముప్పై పేజీలు ఫొటోలే. ఈయన శాలువా కప్పేది, ఈయనకు శాలువా కప్పేది. గబగబా తిప్పుకుంటా పోయినా. నేను దేనికోసం వెతికినానో నీకు తెలుసు.

చంద్రగిరి కోట షూటింగ్. మనం తొమ్మిదో తరగతి, బడి ఎగ్గొట్టి పోయినాం. రాజమహల్ ముందర ఆయనకు డైలాగు రాలేదు. పదకొండు టేకులు (నువ్వు పన్నెండంటావు, సరే). డైరెక్టరు అందరి ముందరా తిట్టినాడు. ఈయన పోయి చింతచెట్టు కింద మొగం అటు తిప్పుకుని కూర్చున్నాడు. మీ అమ్మ కట్టిచ్చిన సంగటి, చెనిక్కాయల ఊరిబిండి మనం విప్పితే, వాసనకు తిరిగి చూసి 'రొంత పెట్టండబ్బా' అన్నాడు. ముద్ద తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, పోయి ఒక్క టేకులో చెప్పేసినాడు. ముప్పై ఏండ్లుగా ప్రతి పెండ్లిలోనూ మనం చెప్పుకునే కథ కదరా ఇది! పుస్తకంలో ఏముందో తెలుసా? 'చంద్రగిరి దుర్గంలో చిత్రీకరణ నాకొక మరపురాని అనుభూతి.' అంతే. ఆ కింద నిర్మాతకు కృతజ్ఞతలు.

మన సంగటి రాయలేదని ఏడ్చేది కాదులే. సరే, రొంత అదీ ఉండాది. కానీ 'రొంత పెట్టండబ్బా' అన్న నోట్లో 'మరపురాని అనుభూతి' ఎట్లా పట్టిందిరా? ఎవరిచేతనో రాయించుకున్నాడు. రాయించుకుంటే తప్పేం లేదు, చెప్పినోడి గొంతు వినపడితే చాలు. నాలుగు వందల పేజీల్లో మన పక్క మాట ఒక్కటి లేదు. సినిమాల్లో ఎవరో రాసిచ్చింది చెప్పినాడంటే అది ఆయన కూలి. సొంత కథకు కూడా డబ్బింగేనా?

మద్రాసు రోజులైతే రెండే పేజీలు. ఇక్కడ సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు మూడున్నర గంటల్లో దిగే ఊరు. అక్కడ నిలదొక్కుకోను ఆయనకు ఏండ్లు పట్టింది. 'ఎన్నో కష్టాలు పడ్డాను, భగవంతుడి దయవల్ల గట్టెక్కాను' అంట. ఏం కష్టం? కోడంబాక్కంలో ఎవరు అన్నం పెట్టినారు, ఎవరు మొగం మీద తలుపేసినారు? సాయంత్రాలు పానగల్ పార్కులో కూర్చునేవాడంట. మన చిత్తూరు నాగయ్య విగ్రహం ఉండేది ఆ పార్కులోనే కదరా. దాని పక్కన కడుపు కాల్చుకుని కూర్చున్నోడు ఏమనుకున్నాడో చదవాలని నాకు ఎంత ఆశగా ఉండిందో! ఒక్క ముక్క లేదు.

నాగయ్య కథ మా తాత చెప్తే ఎట్లుండేది, నీకు గుర్తుందా? నాగయ్య పుట్టింది రేపల్లె అయినా పేరుకు ముందర నిలిచింది చిత్తూరు. రామవిలాస సభలో నాటకాలాడి, 1938లో సినిమాకెక్కి, పోతన, త్యాగయ్య, వేమన అంటే ఈయన మొగమే కనపడేటట్టు చేసినాడు. 1965లో పద్మశ్రీ. చేతికి ఎముక లేదు, అడిగినోళ్లకల్లా పెట్టి, చివరికి తానే ఇబ్బంది పడి 1973లో పోయినాడు. ఆ చివరి మాటల కాడికి వచ్చేసరికి తాత గొంతు తగ్గేది. మనం దగ్గరికి జరిగి కూర్చునేది అప్పుడే.

ఈ పుస్తకంలో గొంతు తగ్గే చోటే లేదురా. వరసగా పోయిన నాలుగు సినిమాలకూ కలిపి 'ప్రేక్షకులు ఆదరించలేదు' అని ఒక్క వాక్యం. అందులో ఒకదానికి మనిద్దరం, ఒక ముసలాయన, టికెట్లు చించే అబ్బాయి తప్ప హాల్లో ఈగ లేదు. ఆ రాత్రి ఈయన ఎట్లా నిద్రపోయినాడు? తోటి హీరోలంతా మంచోళ్లు, నిర్మాతలంతా దేవుళ్లు. అంతమంది దేవుళ్లుంటే మనోళ్లు కొండకెందుకు నడిచేది?

ఒక్క పేజీ మాత్రం బాగుందిరా, అబద్ధమెందుకు. గుర్రమంటే ఆయనకు వణుకంట. మనం ఈలలేసి చించుకున్న గుర్రం సీనులో ఉండేది డూపంట! ఆయనేమో క్యారవాన్ కిటికీలోనించి చూస్తా కూర్చున్నాడంట. అది చదివి నాకు కోపం రాలేదు చూడు, నవ్వొచ్చింది. ఆయన మీద మళ్లీ ఇష్టం కూడా వచ్చింది. 212వ పేజీ. మడత పెట్టినా.

వచ్చే శనివారం చిత్తూరు వస్తా, పుస్తకం తెస్తా. ఫొటోలు చెల్లెమ్మకియ్యి, మడత పెట్టింది నువ్వు చదువు. అమ్మకు ఇప్పుడు రోటికాడ కూర్చునే ఓపిక ఉందా? ఉంటే ఊరిబిండి రొంత ఎత్తిపెట్టమను.

నీ
మామ